తొట్టిలో రీలు

కొట్టు గుమ్మం దాటగానే కుడిచేతి వైపు ఒక గాజుతొట్టి ఉంటుంది. అందులో చేపలు లేవు. ఉప్పునీళ్ళున్నాయి, అడుగున చారెడు ఇసుక ఉంది, ఆ ఇసుకలో గాలం దారం చుట్టే నీలం రంగు రీలు ఒకటి పడి ఉంది. రోజూ పదింటికి కొట్టు యజమాని, నూనె బావకు తోడల్లుడు, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ఆ రీలును బయటికి తీసి, నీళ్ళు కారుతుండగానే పిడి పట్టుకుని గిర్రున తిప్పుతాడు. అది గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది. చూసేవాళ్ళు నోళ్ళు తెరుస్తారు.

"నాలుగేళ్ళండీ. నాలుగేళ్ళుగా సముద్రపు నీళ్ళలో కాపురం చేస్తోంది. స్క్రూడ్రైవరు మొహం చూడలేదు" అంటాడు తోడల్లుడు.

ఆ మాట విన్నాక ఉత్త చేతులతో బయటికి పోయేవాళ్ళు తక్కువ.

వెనక గదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని రీళ్ళు బాగుచేసే నూనె బావకు కూడా ఆ మాట రోజూ వినబడుతుంది. అతను తల ఎత్తడు. ఆ రీలు స్క్రూడ్రైవరు మొహం ప్రతి సాయంత్రం చూస్తుందని అతనికి తెలుసు. స్క్రూడ్రైవరు అతని చేతిలోనే ఉంటుంది.

తోడల్లుడు అయిదున్నరకల్లా ఇంటికి పోతాడు. షట్టరు దించే పని బావది. షట్టరు సగం దించి, తొట్టిలోంచి రీలు తీసి, మంచినీళ్ళతో కడిగి, విప్పి, ఇసుక దులిపి, ఒక్కో బేరింగుకు ఒక్కో చుక్క నూనె వేసి, మళ్ళీ బిగించి బల్ల మీద ఆరబెడతాడు. పొద్దున షట్టరు ఎత్తే పనీ అతనిదే. ఎత్తగానే రీలును తొట్టిలో పడేస్తాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

అందరూ అతన్ని నూనె బావ అనే పిలుస్తారు. బావ అని పిలిచే హక్కు నిజానికి ఒక్క మనిషికే ఉంది. ఆమె తోడల్లుడి భార్య, అతని భార్యకు సొంత చెల్లెలు. కౌంటరు దగ్గర నిలబడి "బావా, ఈ రీలు చూడు" అని రోజుకు పదిసార్లు కేకేస్తుంది. విన్నవాళ్ళు ఆ పిలుపు పట్టుకున్నారు. చేతులెప్పుడూ జిడ్డుగా ఉంటాయి గనక ముందు ఇంకో మాట తగిలించారు. పేపరు వేసేవాడూ బావ అంటాడు, పళ్ళ డాక్టరూ బావ అంటాడు. ఇంతమంది అక్కల్ని తను ఎప్పుడు పెళ్ళాడాడో అతనికి గుర్తులేదు. పెళ్ళాడింది ఒక్కదాన్నే. ఆమె పోయి రెండేళ్ళయింది.

బల్ల ఆమె కొన్నది. ఏదో బడి మూతపడితే సామాను అమ్మేస్తున్నారని విని వెళ్ళి, ఇద్దరు పిల్లలు కూర్చునే బల్ల ఒకటి బేరమాడి తెచ్చింది. పైన సిరాబుడ్లు పెట్టుకునే గుంటలు రెండున్నాయి. కుడి గుంటలో అతని నూనె సీసా ఉండేది. ఎడమ గుంటలో ఆమె గాలాలు. ఆమె లైను చివర గాలాలు ముళ్ళేసి, పొట్లాలు కట్టి, ముందు కొట్లోకి పంపేది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడిపేది. పొడి ముడి బిగిస్తే లైను కాలి, చేప లాగగానే తెగుతుందని చెప్పేది.

కొనడానికొచ్చినవాళ్ళు ఏది ముందు, ఏది తర్వాత అని అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు. "ముందు ముడి నేర్చుకోండి. తర్వాత గాలం. తర్వాత లైను. ఆ తర్వాత రీలు. రాడ్డు అన్నిటికంటే చివర. వెదురుకర్ర పట్టుకుపోయినా చేప ఏమీ అనుకోదు."

ఆమె పోయాక ఆ జవాబు చెప్పేవాళ్ళు లేరు. బావ చెప్పడు. మనుషులకు మంచి చెప్పడం గోడకు సున్నం వేసి వాన కోసం చూడటంలాంటిదని అతని అభిప్రాయం.

రీలు సంగతి మొదలుపెట్టిందీ ఆమే. తొట్టి తెచ్చిన నాలుగో రోజున తోడల్లుడు రీలు తిప్పితే లోపల ఇసుక నలిగిన చప్పుడు ఆమె చెవిన పడింది. సాయంత్రం దాన్ని తెచ్చి భర్త ముందు పెట్టింది.

"నూనె వెయ్యి. ఎవరికీ చెప్పకు" అంది.

"వాడు నలుగురిలో నవ్వులపాలు కావాలి. అప్పుడు గాని బుద్ధి రాదు."

"వాడికి బుద్ధొస్తుందో రాదో గాని మా చెల్లెలికి అన్నం పోతుంది. వెయ్యి."

వేశాడు. ఆ రోజు వేసింది ఇవాళ్టిదాకా వేస్తూనే ఉన్నాడు. ఆమె పోయాక మానెయ్యొచ్చు. ఉప్పు తింటున్న యంత్రాన్ని చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాలేదు. మనుషుల విషయంలో అలాంటి ఇబ్బందేమీ లేదు.

కొట్టుకొచ్చే మనుషులు అలాంటివాళ్ళు. వీళ్ళెవరూ నడిసముద్రంలోకి పోరు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మోకాలి లోతు పాయల్లో, ఒడ్డున రాళ్ళ మీద నిలబడి గాలం వేస్తారు. అక్కడ చేప కంటికి కనబడేవి మూడు: గాలం, ఎర, లైను చివరి మూరెడు. మిగతావన్నీ మనుషుల కంటికి కనబడేవి. కొనేదీ మనుషుల కోసమే. వీళ్ళలో మొనగాడు పళ్ళ డాక్టరు, గాలాల సంఘానికి అధ్యక్షుడు. అతని కోటుకు పదహారు జేబులు. ఎరల పెట్టె మూడంతస్తుల మేడ. గాలం పీకే పట్టకారు నడుముకు గొలుసుతో వేలాడుతుంటుంది, పళ్ళు పీకేవాడికి ఆ పని కొత్త కానట్టు. నలభైమంది ఉన్న ఆ సంఘం నిరుడంతా పట్టినవి పదకొండు చేపలు. తీయించుకున్న ఫొటోలు ఆరువందలు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊరికే అనలేదు.

ఈ గుంపులో వేరేగా కనబడిన మనిషి ఒక్కతే. ఆస్పత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి, అప్పుడే రిటైరైన నర్సమ్మ. ఉద్యోగం చేసినంతకాలం ఆస్పత్రి మేడ మీదినుంచి పాయ కనబడేదట. ఒక్కసారైనా అక్కడ కూర్చుని చేప పట్టాలని ఆమె కోరిక. కొట్లోకి వచ్చి నేరుగా అడిగింది.

"నేను కొత్తగా మొదలెడుతున్నాను. ఏది ముందు కొనాలి? ఏది తర్వాత కొనాలి? ఏది అసలక్కర్లేదు?"

వెనక గదిలో బావ చెవి నిక్కింది. ఆ మూడో ప్రశ్న ఆ కొట్లో అంతకుముందు ఎవరూ అడగలేదు.

"అక్కర్లేనిది మా కొట్లో పెట్టమమ్మా" అన్నాడు తోడల్లుడు. "ముందు టోపీ, కళ్ళజోడు, కోటు. ఎండకు మనిషే పడిపోతే చేపను పట్టేదెవరు? తర్వాత ఎరలు. ఎర్రవి పొద్దునకి, పచ్చవి సాయంత్రానికి, మెరిసేవి మబ్బు పట్టినప్పుడు. తర్వాత రాడ్డు, తర్వాత రీలు..."

"బకెట్టు" అన్నాడు బావ, వెనకనుంచే.

"ఏంటండీ?"

"బకెట్టెడు మంచినీళ్ళు. పాయ నుంచి రాగానే రీలు కడగడానికి. ఇంట్లో ఉంటుంది. కొనక్కర్లేదు."

తోడల్లుడు పకపకా నవ్వాడు. "మా అన్నయ్యలెండి. పాతకాలం మనిషి. ఈ రీలుకు కడగడాలూ తుడవడాలూ లేవమ్మా. మీరే చూడండి." చొక్కా చేతులు పైకి మడిచాడు. తొట్టిలో చెయ్యి పెట్టాడు. రీలు గిర్రున తిరిగింది.

నర్సమ్మ అలాంటిదే నీలం రీలు కొనుక్కుని వెళ్ళింది. ఈవిడా అంతే అనుకున్నాడు బావ.

నెల తిరగకుండా ఆమె ఆ రీలుతో వెనక గదిలోకి వచ్చింది. పిడి కదలడం లేదు.

"పండుగప్ప పడింది" అంది, కుర్చీ కోసం చూడకుండా బల్లకు రెండో వైపున కూర్చుని. "ఇంత ఉంటుంది. లాగింది. రీలు లైను వదల్లేదు, చుట్టనూ లేదు. బిగుసుకుపోయింది. లైను తెగింది. చేప పోయింది. నాకు ఏడుపు రాలేదు గాని, వస్తే బాగుండుననిపించింది."

బావ రీలు విప్పాడు. లోపల ఉప్పు అట్టలు కట్టింది. "కడిగారా?"

"అక్కర్లేదన్నారుగా ముందు గదిలో ఆయన." ఆమె అతని చేతులు చూస్తూ కూర్చుంది. "మిమ్మల్నందరూ బావ అంటున్నారు. ఎవరి బావండీ మీరు?"

"ఎవరి బావనీ కాను."

"అయితే మాస్టారంటాను. మాస్టారూ, ఒక మాట అడగనా? తొట్టిలో ఉందే, ఆ రీలు స్క్రూల తలలు అరిగిపోయాయి. గాడి గుండ్రంగా అయింది. నా దాని తలలు కొత్తగా ఉన్నాయి చూడండి. ఎవరూ విప్పనిదానికి తలలెందుకరుగుతాయి?"

బావ చెయ్యి ఆగింది. నాలుగేళ్ళలో తోడల్లుడు ఆ స్క్రూల వంక చూడలేదు. సంఘంలో నలభైమందీ చూడలేదు. వాళ్ళు తిరిగేదాన్ని చూస్తారు.

"చూపు బాగానే ఉంది మీకు" అన్నాడు. ఆమె రీలు బాగుచేసి, చుక్క నూనె వేసి ఇచ్చాడు.

ఆ మర్నాడు, సోమవారం, తోడల్లుడు చేతిలో కొలత టేపుతో వెనక గదిలోకి వచ్చాడు.

"అన్నయ్యా, కొంచెం లే."

లేచాడు. తోడల్లుడు కిటికీ గోడ కొలిచాడు, మూల కొలిచాడు, బల్ల పొడవు కూడా కొలిచాడు.

"ఇక్కడ అద్దాల అరలు పెట్టిస్తున్నాను. లైట్లతో. ఎరలన్నీ రంగుల వారీగా. ఆదివారం సంఘం వాళ్ళందర్నీ పిలిచాను, పోటీలున్నాయిగా, అందరూ సామాను కొనుక్కుంటారు."

"బల్ల?"

"అదే చెబుతున్నా. ఈ రోజుల్లో రిపేర్లెక్కడివన్నయ్యా? అదిగో, తొట్టిలో రీలు చూడు. నాలుగేళ్ళు. ఒక్కసారైనా నీ బల్ల మీదికొచ్చిందా? నువ్వే చెప్పు. ఒక్కసారి?"

జవాబు బావ గొంతుదాకా వచ్చింది. మరదలు కౌంటరు దగ్గరినుంచి చూస్తోంది. అతను చూడగానే తలదించుకుని గాలాల పొట్లాలు సర్దసాగింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

నిజం చెబితే నమ్మే మొహం కాదు ఎదురుగా ఉన్నది. నమ్మినా, ఇన్నాళ్ళూ నా కొట్లో నన్నే మోసం చేశావా అనే మొహం.

"రాలేదు" అన్నాడు బావ.

"మరి? వస్తువు మంచిదైతే మెకానిక్కు దేనికి? నేను చెడు తలచి అనడంలేదు సుమా. నువ్వు పొద్దున వచ్చి షట్టరు తియ్యి, కౌంటరు దగ్గర కూర్చో, నలుగురితో మాట్లాడు. కాలక్షేపం."

"షట్టరు నువ్వే తీసుకో."

స్క్రూడ్రైవర్లు రెండు, సన్న పట్టకారు, కుంచె, నూనె సీసా, ఎడమ గుంటలోని గాలాల డబ్బా సంచిలో వేసుకున్నాడు. "బల్లకు మనిషిని పంపుతా" అన్నాడు.

"తొందరేముందన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, మళ్ళీ కొలుస్తూ.

ఆ సాయంత్రం అతను ఇంట్లో కూర్చుని రీలును తలుచుకున్నాడు. చెడు జరగాలని కోరుకోనక్కర్లేదు. ఎవరూ చెయ్యి పెట్టకపోతే చాలు. మొదటి రోజు లైను తిప్పే చిన్న రోలరు బరువెక్కుతుంది. రెండో రోజుకి పిడిలో ఇసుక గొంతు. నాలుగో రోజుకి ఇత్తడి పచ్చబడుతుంది. ఇప్పుడది రాత్రుళ్ళు కూడా తొట్టిలోనే ఉంటుంది గనక ఇంకా తొందరగా. గుమ్మం మీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. సంతోషం లేదు. వంట చేసుకోబుద్ధి కూడా కాలేదు. బల్లకు మనిషిని పంపడం రేపు రేపని వాయిదా వేశాడు. పంపితే తను నిజంగానే కొట్టు వదిలి వచ్చేసినట్టవుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం మరదలు వచ్చింది. చంకలో తువ్వాలు చుట్ట.

"కూర్చో" అనలేదతను. ఆమే కూర్చుంది. చుట్ట విప్పింది. రీలు.

"పొద్దున తిప్పితే కరకరమంది బావా. ఆయన రేడియో సౌండు పెంచారు."

"తెలివైనవాడే."

"భోజనం చేసి పడుకున్నారు. లేచేలోగా తీసుకెళ్ళి పెట్టేస్తాను. ఒక్కసారి. ఈ ఒక్కసారి చెయ్యి. ఎల్లుండి నలభైమంది వస్తున్నారు."

"నీకు తెలుసన్నమాట."

"అక్క చెప్పింది."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. అక్కకూ నాకూ మధ్య దాపరికాలుండేవా?"

"నాలుగేళ్ళుగా తెలుసు. సోమవారం నీ మొగుడు ఒక్కసారైనా వచ్చిందా అని అడిగితే, పొట్లాలు సర్దుకున్నావు."

"ఆ ఇంట్లో ఉండాల్సింది నేను బావా. నువ్వు కాదు."

అది నిజమే. నిజమైనంత మాత్రాన దాని మీద అతనికి గౌరవం కలగలేదు. రీలు వైపు చూశాడు. పిడి చుట్టూ తెల్లటి పొక్కులు. పావుగంట పని. వేళ్ళు వాటంతటవే కదిలాయి. చేతులు కట్టుకున్నాడు.

"అక్క ఉంటే చేసేది" అంది మరదలు.

"మీ అక్క ఉంటే బల్ల ఉండేది."

"బల్ల..." అని ఏదో చెప్పబోయి ఆగింది. కళ్ళు పక్కకు తిప్పుకుంది. రీలు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "నువ్వెప్పుడూ ఇంతే. ఆవిడొక్కతే నిన్ను భరించింది" అంది.

"ఆ సంగతి నాకూ తెలుసు" అన్నాడు.

ఆదివారం పదకొండింటికి తలుపు చప్పుడైంది. నర్సమ్మ. నెత్తిన టోపీ లేదు, కోటు లేదు. నవ్వు ఆపుకుంటోంది.

"సంచి తీసుకుని రండి మాస్టారూ. ఆపరేషనుంది."

"ఏమైంది?"

"ఏమైందని మెల్లగా అడుగుతారేం, తెలియనట్టు! మీ తమ్ముడు నలభైమంది ముందు తొట్టిలోంచి తీశాడు. తిప్పాడు. తిరగదే! ఇంకో చేత్తో పట్టాడు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పాడు. పళ్ళ డాక్టరు పట్టకారిచ్చాడు. దాంతో లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. ఇవాళ నీళ్ళలో ఉప్పెక్కువైందన్నాడు. అయితే విప్పి చూద్దామన్నాను నేను. విప్పడానికి కొట్లో స్క్రూడ్రైవరు లేదు! ఎరలు మూడువేల రకాలున్నాయిట. స్క్రూడ్రైవరు ఒక్కటి లేదు."

"నేను రాను."

"మీ ఇష్టం. మీ మరదలు కూడా అదే అంది, ఆయన రాడని."

"బల్ల తెచ్చుకోవాలి ఎలాగూ" అని సంచి భుజాన వేసుకున్నాడు.

కొట్టు కిటకిటలాడుతోంది. కొత్త అద్దాల అరల్లో లైట్లు వెలుగుతున్నాయి, ఎరలు పెళ్ళిబట్టల్లా వేలాడుతున్నాయి. పై పటారం. తొట్టి పాత చోటనే ఉంది గాని కింద కొత్త పీట వచ్చింది. బావ దాని వంక చూశాడు. సిరాబుడ్ల గుంటలు. కుడి గుంట చుట్టూ నూనె మరక. బల్ల కాళ్ళు మోకాలి ఎత్తున కోసేశారు. కోసిన చోట చెక్క తెల్లగా ఉంది. ఎడమ గుంటలో ఒక ప్లాస్టిక్ పువ్వు గుచ్చారు.

"చూశావా అన్నయ్యా, పడెయ్యలేదు!" అన్నాడు తోడల్లుడు. చెమటలు కారుతున్నాయి. "నీ బల్లని ముందుకే తెచ్చాను. అందరి కళ్ళకీ కనబడేలా. సరే, ఇది కాస్త చూడు, ఏదో చిన్న రాయి అడ్డం పడ్డట్టుంది."

బావ సంచి దించాడు. కొత్త గాజు కౌంటరు మీద తన తువ్వాలు పరిచాడు. రీలు అందుకున్నాడు. నలభైమందీ మూగారు. ఒక్కొక్క భాగమే విప్పి వరసగా పెట్టాడు: పక్క మూత, పళ్ళచక్రం, బేరింగులు, స్ప్రింగు, వాషర్లు. ఉప్పు పెచ్చులుగా రాలింది. ఇత్తడికి పచ్చటి బూజు పట్టింది. ఒక బేరింగు బొట్టనవేలితో నొక్కితే కుంకుడు గింజలా గట్టిగా ఉంది, తిరగలేదు.

"లోన లొటారం" అన్నారు వెనకనుంచి ఎవరో.

"రాయేదండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"రాయి లేదు."

"మాస్టారూ," నర్సమ్మ గొంతు అందరికీ వినబడేలా ఉంది, "నాలుగేళ్ళు తిరిగింది. ఇప్పుడెందుకు ఆగింది?"

మరదలు కౌంటరు అంచు రెండు చేతులా పట్టుకుంది. ఆమె మొహం అక్క మొహంలా ఉండదు. గడ్డం మాత్రం అదే గడ్డం. వెయ్యి, ఎవరికీ చెప్పకు అన్న గడ్డం. ఉప్పెక్కువైందని ఒక్క మాట అంటే సరిపోతుంది. నలభైమందీ నమ్ముతారు. నమ్మడానికే వచ్చారు.

బావ కోసిన కాళ్ళ వంక చూశాడు.

"రోజూ నేను విప్పేవాణ్ణి" అన్నాడు. "సోమవారం నుంచి మానేశాను."

"రోజూనా?" అన్నాడు తోడల్లుడు. అతనికి నిజంగానే తెలియదు. ఆ మొహంలో మొదటిసారి అబద్ధం లేదు, అందువల్ల అది బొత్తిగా ఖాళీగా ఉంది.

"ఆదివారాలు కూడా."

"అంటే మేం కొన్న రీళ్ళు?" పళ్ళ డాక్టరు చెయ్యి పదహారు జేబుల్లో దేనిమీదో పడింది.

"కడిగితే ఉంటాయి. కడక్కపోతే ఇదిగో, ఇంతే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా బావా?"

"బకెట్టని చెప్పాను. నవ్వారు."

అది సగం నిజం. మిగతా సగం అతనికి తెలుసు. వాళ్ళను మోసం చేసింది తోడల్లుడి నోరు ఒక్కటే కాదు. ఆ నోరు తుప్పు పట్టకుండా నాలుగేళ్ళు నూనె వేసిన చెయ్యి తనది. నర్సమ్మ పండుగప్ప పోవడంలో ఆ చేతికి వాటా ఉంది. ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తప్పించలేదు, తల కూడా ఊపలేదు.

తోడల్లుడు తేరుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

"విన్నారుగా!" అని చేతులు చాచాడు. "మా అన్నయ్య చెయ్యి పడితే నాలుగేళ్ళు! ఉప్పునీళ్ళలో! ఇలాంటి సర్వీసు ఏ కొట్లో అయినా ఉందా? ఇక్కడే, ఈ ముందు గదిలోనే, అద్దాల బల్ల వేయిస్తాను అన్నయ్యకి. లైటు పెట్టిస్తాను. మీ కళ్ళముందే విప్పుతాడు, మీ కళ్ళముందే బిగిస్తాడు!"

నలభై తలలు ఊగాయి. అయిదు నిమిషాల కిందట మోసపోయిన తలలే. "బావా, నాది కూడా ఒకసారి చూడు" అని పళ్ళ డాక్టరు రీలు బయటికి తీశాడు. ఎవరో ఫొటో తీశారు.

బావ ఆఖరి స్క్రూ తువ్వాలు మీద పెట్టాడు. తల అరిగి గుండ్రంగా ఉంది.

"బిగించెయ్యన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, గొంతు తగ్గించి.

"బిగించడానికి బల్ల లేదు."

స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు. తొట్టి దగ్గర వంగి, ఎడమ గుంటలోంచి ప్లాస్టిక్ పువ్వు పీకి, తోడల్లుడి కౌంటరు మీద పెట్టాడు. అంతవరకు చాలనుకున్నాడు. కోసిన కాళ్ళ బల్లను మోసుకుపోయి ఏం చేసుకుంటాడు?

తర్వాతి వారంలో కొట్లో స్క్రూడ్రైవర్ల సెట్లు వచ్చాయని నర్సమ్మ చెప్పింది. మఖమలు పెట్టెల్లో. సంఘంలో అందరూ కొన్నారట. ఒక్కడు కూడా ఒక్క స్క్రూ విప్పలేదట. తొట్టిలో ఇప్పుడు రబ్బరు చేప ఉందట. అది తోకాడిస్తుందట, బ్యాటరీతో.

ఆమె అతని గుమ్మం మెట్ల మీద కూర్చుని రీలు తనే విప్పుతోంది. పక్కన బకెట్టు.

"అప్పుడు మీ తమ్ముణ్ణి మూడడిగాను. మూడోదానికి జవాబు రాలేదు. అసలక్కర్లేనివేంటి?"

"టోపీ మీ ఇష్టం. కళ్ళజోడు ఎండకు మంచిదే. కోటు అక్కర్లేదు. ఎరలు రెండు చాలు, ఒకటి పోతే ఇంకొకటి. సంఘం అక్కర్లేదు."

"మాస్టారు?"

"మాస్టారు అసలే అక్కర్లేదు. స్ప్రింగు చూసుకోండి, ఎగిరిపోతుంది."

ఎగిరిపోయింది. ఇద్దరూ మెట్ల కింద వెతికారు. దొరకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆమె ఒక్కసారి నోరు విప్పి, నా చేప పోవడం మీవల్లే అంది, కోపం లేకుండా, కేసు షీటు చదివినట్టు. అతను అవునన్నాడు.

మరదలు ఒక్కసారి వచ్చింది. లోపలికి రాలేదు. స్టీలు డబ్బా ఒకటి గుమ్మంలో పెట్టింది. "అక్క సామాను కాదు గాని, నీ దగ్గరే ఉండనీ. ఆయన చెత్తలో వేస్తున్నారు" అని వెళ్ళిపోయింది. డబ్బాలో నీలం రీలు భాగాలు, చిన్న స్క్రూలతో సహా.

అతను దాన్ని బిగించలేదు. బిగించేది లేదు. కిటికీలో పెట్టి మూత వేయబోయి, లోపల ఇత్తడి పచ్చబడటం చూసి, నూనె సీసా తెచ్చి నాలుగు చుక్కలు వేశాడు. తర్వాత మూత గట్టిగా నొక్కాడు.

కోసిన బల్ల సంగతి దాచిన మరదలు మళ్ళీ వస్తే తలుపు తియ్యడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.